టిక్కు పడని ఏడో పని

ఒకటి: ప్లగ్గులు రెండూ విప్పి మసి గీకాలి.
రెండు: కార్బురేటరు విప్పి, మెల్లగా నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఊది చూడాలి.
మూడు: పెట్రోలు డబ్బాలో నీళ్లు చేరాయేమో చూడాలి.
నాలుగు: మోటారును బోటు పలకకు పట్టి ఉంచే మరలు బిగించాలి.
ఐదు: మోటారు కింది రబ్బరు దిమ్మలు చిట్లాయేమో చూడాలి.
ఆరు: నీళ్లలో తిరిగి బోటును తోసే ఫ్యాను రెక్కలు వంగితే సరిచేయాలి.
ఏడు: ఫ్యాను ఊడదీసి, దాని వెనక ఇరుసుకు ఏమైనా చుట్టుకుందేమో చూడాలి.

నేను ఒక బోటు మోటారును. బోటు వెనక పలకకు వేలాడుతూ, తల గాలిలో, కాలు నీళ్లలో పెట్టుకుని బతికే జాతి మాది. పైన రాసినవి నా జబ్బు కనిపెట్టడానికి హైమ అనే అమ్మాయి రాసుకున్న పనులు. క్యాలెండరు కాగితం వెనక, నీలం పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. ఆరు పనుల పక్కన టిక్కులున్నాయి. ఏడో పని పక్కన లేదు.

ఆ టిక్కు పడకపోవడం వల్ల ఒక మనిషి పోయాడు. పోయాక కూడా ఆయన్ని వదల్లేదు. ఉప్పుదిబ్బలపేట ఒడ్డున ఆయనకు 'తొందరపడి చచ్చినవాడు' అని పేరు పెట్టారు. చివరిదాకా ఆయన చెయ్యి నా పిడి మీదే ఉంది. ఏం జరిగిందో ఆయన తర్వాత నాకే తెలుసు. అందుకని చెబుతున్నాను.

నేను పుట్టింది సముద్రం అవతల. అక్కడ నన్ను నీళ్ల తొట్టెలో నిలబెట్టి మెల్లగా తిప్పుతూ, తెల్ల తొడుగులు వేసుకున్న ఒకాయన నా తల మీద ఒక నాణేన్ని నిలువుగా నిలబెట్టాడు. చాలాసేపు చూశాడు. అది పడలేదు. కాగితం మీద సంతకం పెట్టి పక్కకు పంపాడు. నాకు దక్కిన డిగ్రీ అదొక్కటే.

తర్వాత మూడేళ్లు ఒక జలాశయంలో విహారపు బోటు నడిపాను. జనం కొండల్ని చూడ్డానికి వచ్చి, కొండలకు వీపు తిప్పి ఫోటోలు దిగేవారు. వాళ్ల ఫోటోలు చెదరకూడదని నన్ను ఎప్పుడూ మెల్లగానే నడిపేవారు. అలా మెల్లగా నడవడమే నా విద్య అయింది. ఒక ఏడు వానలు పడలేదు, జలాశయం అడుగంటింది, నన్ను గోనెపట్టా కప్పి మూల పడేశారు. అక్కణ్ణించి నన్ను కొనుక్కెళ్లిన మనిషే చోడిపల్లి దానయ్య.

దానయ్య నా వయసు అడగలేదు. మెల్లగా తిప్పించి, అరచెయ్యి నా తల మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. "దీని గుండె బాగుంది," అన్నాడు. అంతే.

ఇంటి దగ్గర లారీ దిగగానే ఆయన భార్య కొర్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా చుట్టూ తిరిగింది.

"ఏటి బావా, రంగంతా ఎలిసిపోయినాది. పాత సరుకేనా?"

"రంగుదేటుందే. నీకూ ఎలిసిపోయినాది. నాను మార్సీసినానా?"

"నీ నోరు పడిపోను! ఇలాగియ్యి, ముందు బొట్టెడతాను దానికి."

ఆ విధంగా నాకు నుదుటి మీద బొట్టూ, ఒక ఇల్లూ వచ్చాయి.

ఆ ఊరికి రేవు లేదు. బోటు సముద్రంలోకి పోవాలన్నా, తిరిగి ఇసక ఎక్కాలన్నా అలలు విరిగే చోటు దాటాలి. వచ్చేటప్పుడే గండం. బోటు పిడి పట్టే పెద్దను అక్కడ తాండేలు అంటారు. మంచి తాండేలు నేరుగా ఒడ్డుకు దూకడు. అలలు విరిగే చోటుకు కాస్త అవతలే బోటును మెల్లగా నిలబెట్టి, వెనక నుంచి వచ్చే అలల్ని చూస్తాడు. పెద్దవి మూడు వస్తాయి. మూడోది విరిగాక సముద్రం ఊపిరి పీల్చుకున్నట్టు కాస్త సద్దుమణుగుతుంది. ఆ సందులో ఒడ్డెక్కాలి.

దానయ్య ఆ ఒడ్డున అందరికంటే ఎక్కువసేపు ఆగే తాండేలు. "ఒకటీ... ఆగండ్రా... రెండూ..." అని పైకే లెక్కపెట్టేవాడు. ఆయనతో వేటకు వచ్చే ముగ్గురూ బోటులో ఆకలితో గొణిగేవారు. "పెద్దోడా, మా మనవలకి పెళ్లిళ్లు అయిపోతాయిలాగుంది, తియ్యి!" అని ఒకడనేవాడు. "అయితే బోయినాలకి పిలుస్తార్లే, కూకో," అనేవాడు దానయ్య. ఆ ఆగిన సేపు తన అంబలి గ్లాసు నా తల మీద పెట్టి, ఒక్కో గుక్క తాగేవాడు. గ్లాసు కదిలేది కాదు. వెనకటి నాణెం నాకు గుర్తుకొచ్చేది.

ఇక నా మెడకు పడిన తోరం సంగతి.

ఏటా గంగమ్మ పండగనాడు ఆ ఒడ్డున ప్రతి మోటారుకూ ఫ్యాను మెడ చుట్టూ తొమ్మిది చుట్ల పసుపు తోరం కడతారు. ఒకసారి కట్టాక మళ్లీ పండగదాకా మనిషి చెయ్యి దాన్ని విప్పకూడదు. దానంతటది పుచ్చి ఊడిపోతే సముద్రం తీసుకున్నట్టు. మొదటి ఏడు కొర్లమ్మ నాకు నూలుదారం కట్టింది. ఎనిమిదో రోజుకు ఊడింది. తొమ్మిదో రోజున గాలం గుచ్చుకుని దానయ్య అరచెయ్యి చీలింది. నెల రోజులు వేటకు పోలేదు. మనుషులకు రెండు సంగతులు పక్కపక్కన కనిపిస్తే చాలు, వాటికి చుట్టరికం కలిపేస్తారు. కొర్లమ్మ కూడా కలిపింది.

ఆమె వలలు కట్టే మనిషి. ఆమె వేసిన ముడి పీత డెక్కకు కూడా తెగదని చెప్పుకునేవారు. రెండో ఏడు ఆమె వల కట్టే నైలాను దారాన్ని మూడు రోజులు పసుపు నీళ్లలో నానబెట్టింది. తొమ్మిది చుట్లు చుట్టి, చుట్టుకొక వల ముడి వేసింది. "ఇప్పుడు ఎలాగూడుతాదో నానూ సూస్తాను," అంది. ఊడలేదు. ఆ పండగనాడే ఆమె ముళ్లు చూసి ఇంకో పదకొండు మోటార్లవాళ్లు వచ్చి, "వదినా, మాకూ నీ సేత్తోనే," అని కట్టించుకున్నారు. ఆమె పొంగిపోయింది. నిజం చెప్పాలంటే నేనూ పొంగిపోయాను. మెడలో హారం పడితే మోటారైనా పొంగదా?

నాలుగు నెలలు గడిచాయి. తొమ్మిదింటిలో నాలుగు చుట్లు, ఫ్యానుకూ నా ఒంటికీ మధ్య ఉన్న సందులోకి జారిపోయాయి. బయటికి ఐదు పసుపుగా కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి చూసేవాళ్లకు తోరం భద్రంగానే ఉంది. లోపల ఆ దారం ఇరుసును బిగించి, నూనె బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయాన్ని రంపంలా కోసింది. ఉప్పునీళ్లు లోపలికి వచ్చాయి. ఇరుసును మోసే గుండ్లు తుప్పుపట్టాయి. నూలుదారమైతే ఎప్పుడో పుచ్చిపోయేది. ఆమె ముడి పుచ్చలేదు.

జోరుగా పోతున్నంతసేపూ నీటి తోపుడు ఇరుసును అదిమిపట్టి ఉంచేది, నాకేమీ తెలిసేది కాదు. మెల్లగా తిప్పితే చాలు, కింద నుంచి వణుకు పుట్టి తల దాకా పాకేది. ఒకరోజు పొద్దున్న, రెండో అల దగ్గర, దానయ్య అంబలి గ్లాసు నా తల మీద నడుచుకుంటూ అంచుదాకా వెళ్లి నీళ్లలో పడింది.

ఆయన గ్లాసు కోసం చూడలేదు. అరచెయ్యి నా తల మీద పెట్టాడు. "ఏటమ్మా, సలేస్తందా?" అన్నాడు.

హైమ వాళ్ల కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. నాతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం అటక మీద ఉంటే దింపి, నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు చదివి, ఆ ఏడు పనులూ రాసింది. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. రోజుకొకటి చొప్పున తండ్రితో చేయించింది. ప్లగ్గులు గీకారు. పట్నం నుంచి లింగరాజు మేస్త్రీని పిలిపించి కార్బురేటరు ఊదించారు. పెట్రోలు వడగట్టారు. మరలు బిగించారు. రబ్బరు దిమ్మలు కొత్తవి వేశారు. రెక్కల అంచులు ఆకురాయితో సమం చేశారు. ఒక్కో పని అయినప్పుడల్లా ఆ పూటకు వణుకు తగ్గినట్టు ఉండేది. తగ్గాలని వాళ్లు అంతగా కోరుకునేవారు మరి.

ఏడో రోజు హైమ పానా తీసుకుని నా కాలి దగ్గర కూర్చుంది.

"ఫ్యాను ఊడదియ్యాలి నానా. తోరం కొయ్యాల."

వల కడుతున్న కొర్లమ్మ చటుక్కున లేచింది. "కొయ్యడవేటి! పండక్కి ఇంకా రెండు నెల్లుంది. ఎల్లాక ఇప్పుదువు గాని."

"అమ్మా, పుస్తకంలో రాసుంది..."

"పుస్తకం రాసినోడు సంద్రంలోకెల్తాడేటే? మీ నానెల్తాడు."

హైమ తండ్రి వైపు చూసింది. దానయ్య నా వైపు చూశాడు, తోరం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. నవ్వాడు. "మీ అమ్మేసిన ముడి పాతికేల్లబట్టీ నానే ఇప్పలేకపోనాను. నువ్వేటి ఇప్పుతావమ్మా? పండగెల్లనీ."

హైమ పానా పక్కన పెట్టింది. ఏడో పని పక్కన పెన్ను మూత ఆనించి, టిక్కు పెట్టకుండా కాగితం మడిచింది. మాట వినే పిల్ల అని చెప్పాను కదా.

నేను అరిచాను. నాకున్న భాష వణుకొక్కటే. అప్పటికే అందరూ దానికి అలవాటు పడ్డారు.

నెల తిరిగేసరికి మెల్లగా నడిపితే నేను వణకడంతో ఆగక, పూర్తిగా ఆగిపోవడం మొదలైంది. అలలు విరిగే చోట ఆగిపోయిన మోటారంటే చేతులు కట్టేసినట్టే. మొదటిసారి ఆగినప్పుడు తెడ్లతో బయటపడ్డారు. రెండోసారి బోటు సగం నిండింది. మూడోసారి దానయ్య వేరే దారి కనిపెట్టాడు. జోరుగా పోతే నేను ఆగను కదా. అందుకని అవతల ఆగడం మానేశాడు. దూరం నుంచే అలల వరస చూసుకుని, "ఒకటీ, రెండూ" అని నోట్లో అనుకుంటూ, వేగం తగ్గించకుండా ఒడ్డుకు తోలేవాడు. ఎక్కువసార్లు లెక్క కుదిరింది. కానీ ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఆయన పెదవులు కనిపించవు. వాళ్లకు కనిపించింది జోరొక్కటే.

"దానయ్యకి ఈమద్దిన కొమ్ములొచ్చినాయి," అన్నారు.

పండగ ఇంకా పందొమ్మిది రోజులుంది. పొద్దున్న పదిగంటల వేళ, మంచి ఎండ. బోటులో కానాగంత చేపలు నిండుగా ఉన్నాయి. అలల చోటు దగ్గర పడింది. దానయ్య చెయ్యి నా పిడి మీద ఒక్క క్షణం సడలింది. పాత అలవాటు కొద్దీ ఆగబోయాడు. నేను వణికాను, దగ్గాను, ఆగిపోబోయాను. ఆయన గబుక్కున పిడి తిప్పి జోరు పెంచాడు. "రెండూ" అన్నాడు. అది నాకు వినిపించింది. మూడోది ఇంకా వెనకే ఉంది.

బోటు రెండో అల వీపు మీంచి కిందికి జారి ముక్కు ఇసకలో పొడుచుకుంది. మూడో అల వెనక భాగాన్ని ఎత్తింది. నా ఫ్యాను గాలిలో తిరిగింది. బోటు తిరగబడింది. ముగ్గురూ అటూ ఇటూ విసిరినట్టు పడి ఈదుకున్నారు. దానయ్య పిడి వదల్లేదు. నేను బరువైనదాన్ని. ఆయన మీద పడ్డాను.

నా తల మీద అరచెయ్యి పెట్టి జ్వరం చూసిన మనిషికి తగిలింది నా తలే. దీన్ని నేను ఇంకోలా చెప్పలేను.

గంగమ్మ పండగనాడు ఆ ఒడ్డున ఇంకో ఆచారం ఉంది. సముద్రంలో పోయిన తాండేళ్ల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచి, పేరుకొక గుప్పెడు పసుపు బియ్యం అలల్లో చల్లుతారు. పిలిచినంతకాలం ఆ మనిషి ఒడ్డుకు చెందినవాడే. కర్మల రోజున కొర్లమ్మ అడగకముందే కులపెద్ద పోలారావు చెప్పేశాడు.

"కోడలా, ఏడవకు గానీ, ఉన్న మాట సెప్తాను. కెరటం లెక్కెట్టని తాండేలు తాండేలు కాడు. మోటారు బాగోనేదంటే బాగుసేసుకోవాల. ఆడి పేరు పిలవలేం."

బోటులో ఉన్న ముగ్గురూ మోటారు ఆగిపోయేదని చెప్పారు. బాగుచేయించని మోటారుతో సముద్రంలోకి దిగడం మాత్రం తొందర కాదా అని పోలారావు అడిగాడు.

పండగ ముందురోజు తల్లీ కూతుళ్లు నన్ను ఆటోలో వేసుకుని పట్నంలో లింగరాజు షెడ్డుకు తెచ్చారు, అమ్మేయడానికి. లింగరాజు నన్ను బల్లకు బిగించాడు. హైమ సంచీలోంచి ఆ కాగితం తీసింది.

"మేస్త్రీ గారూ, అమ్మే ముందు ఈ ఒక్కటీ చూడండి," అంది.

కొర్లమ్మ అడ్డు చెప్పలేదు. ఇక ఎవరి క్షేమం కోసం చెబుతుంది? లింగరాజు బయటి ఐదు చుట్లూ కోసి, ఫ్యాను లాగాడు. చూసి, వెంటనే అక్కడున్నది పీకి గుప్పెట్లో దాచాడు. హైమ కూడా చూసేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏదో సముద్రపు చెత్తమ్మా," అంది హైమ.

"సెయ్యి తియ్యి బావూ. నాకు సూపించు."

"ఎందుకులేమ్మా..." అన్నాడు లింగరాజు.

"సూపించమన్నాను."

అతను గుప్పిట విప్పాడు. నల్లటి గ్రీజు లోపల ఇంకా పసుపురంగు కనబడుతోంది. కొర్లమ్మ ఆ దారాన్ని వేళ్లతో తడిమింది. ఒక్కో ముడి దగ్గరా ఆగింది. "నాలుగు," అంది. "నాయే. నా ముడి నాకు తెల్దా."

ఆమె ఏడవలేదు. అక్కడే నేల మీద కూర్చుని, వల బాగుచేసేటప్పుడు కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని, ఆ దారాన్ని విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా రెండు ముళ్లే వచ్చాయి.

నన్ను అమ్మకుండానే తిరుగు ఆటో ఎక్కారు. వాళ్ల పాదాల దగ్గర అడ్డంగా పడుకుని నేను వచ్చాను. దారిలో హైమ తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దమ్మా. నిన్నే అంటారు. జన్మంతా అంటారు. నేనైనా ఆ రోజు కోసేయాల్సింది. మన ఇద్దరి మధ్యే ఉండనీ."

కొర్లమ్మ చెయ్యి విడిపించుకుని, ఒళ్లోని దారాన్ని కొంగుకు ముడేసుకుంది. "అననీయే. నాకు సెవులున్నాయి, ఇంటాను. నోరుంది, బదులు సెప్తాను. మీ నానకేటుంది?"

మర్నాడు ఒడ్డున పోలారావు పేర్లు పిలిచాడు. పద్నాలుగు పేర్లు, పద్నాలుగు గుప్పెళ్లు. పళ్లెంలో ఇంకా బియ్యం మిగిలాయి. ఆయన తువ్వాలు దులుపుకుంటుంటే కొర్లమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. బోటులోని ముగ్గురూ నన్ను మోసుకొచ్చి ఇసకలో పడుకోబెట్టారు.

"మావా, ఇంకో పేరుంది."

"సెప్పినాను గదమ్మా..."

"నాను సెప్పింది ఇను. మోటారు ఎందుకాగిపోయేదో ఇది సూడు." ఆమె అరచేతిలోని దారం ఎత్తి చూపించింది. "నాను కట్టిన తోరం. ఊడకూడదని నైలాను ఎట్టినాను. ఇరుసుకి సుట్టుకుపోనాది. నా కూతురు ఇప్పుతానంటే నానొద్దన్నాను. ఆయన ఇప్పనేదు, ఎందుకంటే పండగదాకా ఇప్పకూడదని ఈ ఒడ్డు సెప్పినాది. నువ్వే సెప్పినావు, ఏటా సెప్తావు. ఆరు పనులు సేసినాడు. ఏడోది నియమానికి ఇలవిచ్చి ఒగ్గేసినాడు. ఆగడానికి మోటారే నేకపోతే ఎలాగాగుతాడు మావా? లెక్కెట్టనేదంటావా? అడుగు ఈల్లని."

పోలారావు ఆ ముగ్గురి వైపు తిరిగాడు.

"బోటు తిరగబడినప్పుడు కూడా రెండంటన్నాడు పెద్దయ్యా," అన్నాడు ఒకడు.

జనంలో ఎవరో ఆడమనిషి, "ఓలమ్మా, అయితే నువ్వే..." అని ఆగిపోయింది.

"ఔను," అంది కొర్లమ్మ. "నానే."

పోలారావు ఆ దారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముసలి వేళ్లతో ఒక ముడిని విప్పబోయాడు. రాలేదు. దాన్ని అలాగే గుప్పెట్లో పట్టుకుని, రెండో చేత్తో పళ్లెంలోని బియ్యం తీసుకుని, మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచాడు. మొదటి పద్నాలుగు పేర్లకూ అంత లోతుకు పోలేదు.

"చోడిపల్లి దానయ్యో..."

ఒడ్డంతా అందుకుంది.

ఆ మధ్యాహ్నం పదకొండు మోటార్ల ఫ్యానులూ ఊడదీశారు. ఏడింటి వెనక పసుపుదారం దొరికింది. ఇప్పుడు ఆ ఒడ్డున నూలుతోరమే కడతారు. మోటారు వణికితే ఏ రోజైనా కోయవచ్చని పోలారావే చెప్పాడు. కొర్లమ్మ ఇంకా వలలు కడుతోంది. ఆమెను ఎవరేమంటున్నారో నాకు తెలియదు. ఆమె వింటూనే ఉంటుందని మాత్రం తెలుసు.

నన్ను మళ్లీ ఎవరూ తిప్పలేదు. పండగయ్యాక తల్లీ కూతుళ్లు నన్ను లింగరాజుకే ఇచ్చేశారు; అతని షెడ్డులో ఒక బల్లకు బిగించి ఉన్నాను. బోటువాళ్లు వస్తే, ఫ్యాను లేని నా ఇరుసు మీద దారం కోసిన గాడిని వేలితో చూపిస్తాడు. గోడ మీద హైమ మళ్లీ రాసిచ్చిన కాగితం ఉంది. అవే ఏడు పనులు. ఏడోది ఇప్పుడు మొదట ఉంది.

మీరు ఎప్పుడైనా సముద్రం ఒడ్డున నిలబడితే కాసేపు ఆగండి. పెద్ద అలలు మూడు లెక్కపెట్టండి. మూడోది విరిగాక నీళ్లు సద్దుమణిగినప్పుడు, చోడిపల్లి దానయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఆయన లెక్కపెట్టే మనిషి.